ఒక మూర తక్కువైన జంపఖానా

కాగితం మీద ఒకటే ప్రశ్న ఉంది. "ఈ పాఠశాలలో మీకు నచ్చిన విషయం ఏమిటి?" దాని కింద రాయడానికి మూడు గీతలు. నాలాంటి వాగుడుకాయకు మూడు గీతలు ఏ మూలకు వస్తాయి?

పిల్లల తల్లిదండ్రులను పిలిచిన సమావేశం అది. కోడలికి డ్యూటీ, కొడుకు ఊళ్ళో లేడు. అందుకని ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలి తరఫున నన్ను పంపారు. కొత్తవాడలో మా సందు దాటితే బడి. మోకాళ్ళను బతిమాలుకుంటూ మెట్లెక్కి, పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాను.

నా పక్కన ఖాకీ చొక్కాతో ఆటో నడిపే ఒక తండ్రి కూర్చున్నాడు. తన కాగితం నా వైపు జరిపి, "ఇంటికి దగ్గరుంటది అని రాసిన అమ్మా. గట్ల రాయొచ్చా?" అని అడిగాడు.

"నిజమే రాసినవ్ గదా బిడ్డా. నిజం రాస్తే తప్పెట్లయితది?" అన్నాను.

ముందు బెంచీలో ఉన్న ఒక తల్లి తాను రాసింది పైకే చదివింది. "పిల్ల ఒక్క దినం రాకున్నా సారు ఫోన్ చేసి అడుగుతడు. జరమొచ్చిందా, దవాఖానకు తీస్కపోయిండ్రా అంటడు." వెనక నుంచి ఇంకెవరో గుడ్డు కూర బాగుంటుందని రాయమన్నారు. అందరం నవ్వాం. మనవరాలు నా భుజం మీద వాలి, "జల్ది రాయి నాయనమ్మా, మేడం అడుగుతాంది" అని తొందర పెట్టింది. సరేనని "ఉపాధ్యాయులు మంచివారు" అని రాశాను. రాసి చూసుకుంటే నాకే చప్పగా అనిపించింది, ఉప్పు మరిచిన పప్పులా.

అబద్ధమేమీ కాదు. కానీ నేను కూర్చున్న ఈ మేడ గది చోట ఒకప్పుడు పెంకుల గది ఒకటి ఉండేది. ఆ గదికి కొలత తీసింది నేనే. తప్పు కొలత తీశాను. ఆ సంగతి ఇంకా గుర్తున్నది నా ఒక్కదానికే అనుకుంటాను.

మా చిన్నప్పుడు కొత్తవాడలో కోడి కూత కంటే ముందు మగ్గం చప్పుడు వినపడేది. ఒక ఇంట్లో మొదలైతే పక్కింట్లో అందుకునేది. అన్నీ జంపఖానాలు నేసే మగ్గాలే. పెళ్ళిపందిట్లో, భజనలో, పంచాయితీలో ఎక్కడ నలుగురు కూర్చున్నా వాళ్ళ కింద మా వాడ నేసిన జంపఖానా ఉండాల్సిందే అని మా నాయిన మీసం దువ్వుకునేవాడు. ఊరందరినీ కూర్చోబెట్టేది మనమే, మనకు మాత్రం కూర్చునే తీరిక లేదని అవ్వ, అంటే మా అమ్మ, దెప్పేది.

వాసనలు కూడా మా వాడవి మాకే ఉండేవి. గంగాళంలో రంగు కాగుతుంటే ముక్కుకు గుచ్చుకునే ఘాటు, తీగల మీద ఆరేసిన తడి నూలు వాసన, గంజి పులిసిన వాసన. మోరీల్లో ఒకరోజు ఎర్ర నీళ్ళు, ఒకరోజు నీలం నీళ్ళు పారేవి. మోరీని చూసి ఎవరింట్లో ఏ రంగు పని నడుస్తోందో పిల్లలం చెప్పేవాళ్ళం. మా సందు కుక్కకు నాలుగు కాళ్ళూ నాలుగు రంగులు.

నాయిన గుంత మగ్గంలో కూర్చుని నేసేవాడు. అవ్వా నేనూ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేవాళ్ళం. మగ్గం మగవాళ్ళది, రాట్నం ఆడవాళ్ళది. ఈ రూలు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఆటకైనా నేను ఆ గుంతలోకి కాలు దించితే మా నాయనమ్మ చీపురు అందుకునేది.

నాకు రాట్నం అంటే మంట. బడి అంటే ప్రాణం. బడి నుంచి రాగానే జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం రాసి చేతిలో పెట్టి, నేను నమలడం అయ్యీ కాకముందే అవ్వ రాట్నం ముందుకు తోసేది. అందుకే లేని స్పెషల్ క్లాసులు చాలా కనిపెట్టేదాన్ని. పక్కింటి పిల్ల నా దోస్తు. ఇద్దరం కలిసి బడి వెనక గోడెక్కి రేగుపండ్లు తింటూ ఆ స్పెషల్ క్లాసులు శ్రద్ధగా పూర్తిచేసేవాళ్ళం.

మా బడిలో అప్పట్లో తొమ్మిదో తరగతి వరకే ఉండేది. పది చదవాలంటే స్టేషను అవతల ఉన్న పెద్ద బడికి పోవాలి. మగపిల్లలు పోయేవారు. ఆడపిల్లలను పంపేవారు కాదు. మా పైతరగతి అక్కలు అందరూ తొమ్మిది కాగానే రాట్నం ముందు కూర్చున్నవాళ్ళే. తొమ్మిదిలో మేం ఐదుగురం ఆడపిల్లలం. అవ్వ ముందే చెప్పేసింది. "ఈడ పది వస్తే సదువు. రాకుంటే ఇగ సదువు లేదు, ఏం లేదు. పట్నమంత దాటి పోవుడు నాతోని కాదు, నీతోని కాదు." నాయిన ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే అవ్వ మాటే ఖాయమని మా ఇంట్లో లెక్క.

మా పెద్దసారు కోస్తా నుంచి వచ్చినాయన. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, మాట చివర "అండీ". మా నాయినను కూడా "మీరు" అనేవారు. మీరు అనిపించుకోవడం అలవాటు లేక మా నాయిన వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారా అని చూసుకునేవాడు. ఆయన చెప్పే పాఠం గాజు గిన్నెలో నీళ్ళలా ఉండేది. ఒక్కటే లోపం. లెక్కల్లో తప్పు చేస్తే ఆగేవారు కాదు. "నువ్వు కూర్చో. తెలిసినవాళ్ళు లేవండి" అనేవారు. బోర్డు దగ్గర తప్పు చేసిన వాళ్ళు సుద్దముక్క కింద పెట్టి, తల దించుకుని వచ్చి కూర్చునేవారు. మళ్ళీ వాళ్ళ వంతు ఎప్పుడొచ్చేదో దేవుడికే తెలియాలి. నాకు లెక్కలు వచ్చు కాబట్టి ఆ లోపం అప్పట్లో నాకు లోపంలా కనపడలేదు.

పదో తరగతి కోసం పెద్దసారు తిరగని ఆఫీసు లేదు. చివరికి ఒక ఆఫీసరు వచ్చి చూసి రెండు మాటలు చెప్పి వెళ్ళాడు. పదో తరగతికి విడిగా గది ఉండాలి. పెద్దపిల్లలను వట్టి బండల మీద కూర్చోబెడితే ఒప్పుకునేది లేదు. ఈ రెండూ అయితే మళ్ళీ వచ్చి చూస్తాను, కాకపోతే వచ్చే ఏడు మాట్లాడుకుందాం అన్నాడు. వచ్చే ఏడు అంటే నాకు రాట్నమే.

వాడ పెద్దలు కూర్చున్నారు. వాళ్ళలో పెద్దవాడిని అందరూ పెద్దయ్య అనేవాళ్ళు. ఒక కంటి చూపు మసకబారినా వేలితో తాకి నూలు నంబరు చెప్పగలిగిన మనిషి. బడిని ఆనుకుని వాళ్ళ నూలు నిల్వ చేసుకునే పెంకుల గది ఉండేది. దాన్ని ఖాళీ చేసి ఇచ్చేస్తామన్నారు. ఇక బెంచీలు?

"బెంచీలు మాతోని కాదు సారూ" అన్నాడు పెద్దయ్య. "కింద పరుసుడు మాతోని అయితది. ఈ గోడ కెల్లి ఆ గోడ దాంక ఇంత బండ కనవడకుంట పరుస్తం. ఆ ఆఫీసరు ఇంట్ల గూడ గసుంటిది ఉండది."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం నేను కిటికీలోంచి చూశాను.

ఎనిమిది మగ్గాలు, ఎనిమిది పట్టీలు. ఒక్కో మగ్గం మీద గది పొడవుకు సరిపోయే పట్టీ ఒకటి నేయాలి. వాటిని పక్కపక్కన పెట్టి దబ్బనంతో కుట్టేస్తే గదంతా ఒకటే జంపఖానా. మాదీ ఒక మగ్గం. మా వాళ్ళకు టేపు మీద నమ్మకం తక్కువ. ఏ కొలతైనా నూలుపోగుతో తీసి, ఆ పోగును మగ్గం పక్కన వేలాడదీసుకుని నేసేవాళ్ళు. గది పొడవు కొలిచే పని పెద్దసారు నాకు అప్పగించారు. లెక్కలు బాగా చేస్తుందని. నేను ఆ రోజు నేల మీద నడవలేదు.

పొడి నూలు కావాలంటే ఇంటికి పోవాలి. ఇంటికి పోతే అవ్వ రాట్నం ముందు కూర్చోబెడుతుంది. అందుకని నేనూ నా దోస్తూ ఏం చేశామంటే, పక్క సందులో తీగ మీద ఆరేసిన ఎర్ర నూలు చిలపలోంచి, అంటే చుట్టిన నూలు కట్టలోంచి, ఒక పొడుగు పోగు లాగేశాం. ఎవరూ చూడలేదు. అది ఇంకా పచ్చిగానే ఉంది. మా వేళ్ళకు ఎర్రరంగు అంటింది. గది ఈ గోడ దగ్గర నేను, ఆ గోడ దగ్గర తను. "గట్టిగ గుంజు, సడలొద్దు" అన్నాను. వీణ తీగలా మోగేటట్టు గుంజి ముడి వేశాం. పని అయిపోయింది, సాయంత్రమంతా మాది. రేగుపండ్ల గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం వేసుకున్నాం.

రాత్రికి ఆరిపోయిన ఆ పోగును నాయినకు ఇచ్చాను. ఆయన దాన్ని మా మగ్గం గుంజకున్న మేకుకు తగిలించాడు. మరునాడు దాని కొలతకే ఇంకో ఏడు పోగులు కత్తిరించి ఏడు ఇళ్ళకూ పంపాడు.

వాడంతా ఆ పని మీదే పడింది. ఎరుపూ నీలం చారలు. సాయంత్రాలు మొగోళ్ళు ఒకరింటికొకరు వెళ్ళి, నీది ఎంతైంది, నాది ఎంతైంది అని చూసుకునేవారు. ఇంటింటా సర్వపిండి గిన్నెలు పొయ్యి మీదికి ఎక్కేవి. బడి పని చేస్తున్న మగ్గం దగ్గరికి ఎవరొచ్చినా ఓ ముక్క పెట్టాల్సిందే. అడుగు మాడిన ముక్క కోసం నేనూ మా తమ్ముడూ జుట్లు పట్టుకునేవాళ్ళం. ఆ పదిహేను రోజులూ మా వాడలో బడి గురించి తప్ప వేరే మాట లేదు. చదువుకోని మా నాయనమ్మ కూడా వచ్చినవాళ్ళతో, "పదో తరగతి మా ఇంట్లనే తయారయితాంది" అని చెప్పుకుంది.

ఆదివారం పొద్దున కుట్టిన జంపఖానాను పదిమంది భుజాల మీద మోసుకొచ్చి గదిలో విప్పారు. అది దొర్లుకుంటూ వెళ్ళి బోర్డున్న గోడకు మూరెడు దూరంలో ఆగిపోయింది. లాగారు. ముడతలు సరిచేశారు. ఈ కొస పట్టుకుంటే ఆ కొస తక్కువ, ఆ కొస పట్టుకుంటే ఈ కొస తక్కువ. గది వెడల్పంతా, మూరెడు మేర బండలు పండ్లిగిలించుకుని నవ్వుతున్నాయి. ఆఫీసరు గురువారం వస్తున్నాడు.

"ఎవరిది తక్కువైంది?" అని పెద్దయ్య అరిచాడు. ఎవరి పట్టీ వాళ్ళు చూసుకున్నారు. ఎనిమిదీ సమానమే. ఎర్రపోగు తెచ్చి పెట్టి చూస్తే దానికీ సరిగ్గా సమానమే. అంటే పోగే తప్పు. పెద్దయ్య దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "ఇది పచ్చి పోగు. తడిమీద గుంజి కొలిసిండ్రు. ఎండినంక కుదించుకపోయింది. నేతగాని పిల్లలు చేసే పనేనా ఇది?" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. పక్క సందు తీగ, రేగుపండ్లు, ఎర్రబడ్డ వేళ్ళు అన్నీ గుర్తొచ్చాయి. నా చదువును నేనే నా చేత్తో కత్తిరించానని తెలిసిపోయింది. నాదే కాదు, ఐదుగురిదీ.

"పిల్లనేం జూస్తరు?" అన్నాడు నాయిన. "పోగు నా తాన ఉండె. రంగు బొట్లు పడే మేకుకు తగిలిచ్చిన, తడిసింది, కుదిచ్చుకపోయింది. తప్పు నాది."

ముప్పై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి తడి పోగు సంగతి మరిచిపోయానని పదిమందిలో ఒప్పుకున్నాడు. కొందరు నవ్వారు. ఒకాయన, "ముసలోనివైతానవ్ తమ్మీ" అన్నాడు. నేను నోరు విప్పలేదు. ఇంత వయసొచ్చినా ఆ నిమిషం తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

ఇంటికి వచ్చాక నాయిన మగ్గం మీద మిగిలిన పడుగును, అంటే నిలువు పోగులను, మూరెడు వెడల్పుకు సరిచేశాడు. అప్పుడు నా వైపు చూసి గుంతను చూపించాడు.

"కూసో."

అవ్వ రాట్నం వదిలేసి లేచింది. "ఆడపిల్ల గుంతల కూసుంటదా? నలుగురు ఏమనుకుంటరు?"

"కొలత ఎవలు తప్పితే వాళ్లే నెయ్యాలె" అన్నాడు నాయిన. అంటే తప్పు నాదని ఆయనకు అక్కడే తెలిసిపోయింది. పదిమందిలో తప్పు తన మీద వేసుకున్నాడు, ఇంట్లో నన్ను వదల్లేదు. నాయనమ్మ చీపురు కోసం వెతికింది గానీ నాయిన ముఖం చూసి మళ్ళీ కూర్చుంది.

నేను గుంతలోకి కాళ్ళు దించాను. లోపల చల్లగా ఉంది. కాలితో తొక్కితే పోగులు రెండుగా విడిపోయి అడ్డపోగును మోసే నాడెకు దారి ఇచ్చాయి. ఎర్ర నూలు అయిపోయింది, నీలమూ అయిపోయింది. మళ్ళీ రంగు వేసి ఆరబెట్టే టైము లేదు. నా దోస్తు ఇల్లిల్లూ తిరిగి కండెలకు మిగిలిన నూలంతా ఏరుకొచ్చింది. ఆకుపచ్చ, పసుపు, నలుపు, ఏ రంగంటే ఆ రంగు. తానొక్కతే తప్పించుకుంటే సిగ్గు అట. పోగు దొంగతనంలో సగం వాటా తనదే కదా.

మొదటి రోజు జానెడు కూడా సరిగా రాలేదు. ఒకచోట పోగు వదిలేసి ముందుకు వెళ్ళిపోయాను. నాయిన వేలితో చూపించి, "ఇప్పు" అన్నాడు. నేసిందంతా ఆ తప్పు దాకా విప్పాను. మళ్ళీ నేశాను. మళ్ళీ తప్పు. మళ్ళీ, "ఇప్పు. ఇప్పి నెయ్."

"నువ్వే నేయి నాయినా, టైము లేదు గదా" అని ఏడ్చాను.

"నేను నేస్తే పట్టీ అయితది. నీ చెయ్యి నేర్వది."

తలెత్తితే గుమ్మంలో పెద్దసారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. పని ఎంతదాకా వచ్చిందో చూసిపోదామని వచ్చినట్టున్నారు. అవ్వ పీట వేసినా కూర్చోలేదు. నేను తప్పు చేయడం, విప్పడం, నాయిన చేతులు కట్టుకుని ఆగడం చాలాసేపు చూశారు.

"ఎవరు తప్పు చేస్తే వాళ్ళే విప్పాలా అండీ?" అని నాయినను అడిగారు.

"అవ్ సారూ. తప్పు పడ్డకాడికి పోయి, ఆడికెల్లి మల్ల నెయ్యాలె. అందాంక మగ్గం ఆగుతది."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా ఆగాలె సారూ. తప్పు మీదికెల్లి నేస్కుంట పోతే ఆఖరుకు మొత్తం వంకరబోతది."

పెద్దసారు తల ఊపి వెళ్ళిపోయారు. అవ్వ మాత్రం చాయ్ తాగకుండానే పోయారని నాయినను తిట్టింది.

బుధవారం పొద్దుగూకేలోపు పట్టీ అయింది. నా అరికాళ్ళు మంటలు, మెడ పట్టేసింది. అంచులు నా చేతిరాత కంటే వంకరగా ఉన్నాయి. పెద్దయ్య వేలితో తడిమి చూసి, "ఏడ ఇప్పినవో ఏడ నేసినవో తెలుస్తలేదు. మంచిదే" అన్నాడు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు నాకు తర్వాత ఎవరూ ఇవ్వలేదు. ఆ సాయంత్రమే దాన్ని పెద్ద జంపఖానాకు అడ్డంగా కుట్టేశారు.

గురువారం మా తొమ్మిదో తరగతి అంతా ఆ గదిలో కూర్చుని ఉండగా ఆఫీసరు వచ్చాడు. గుమ్మంలో ఆగి కిందికి చూశాడు. ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. వాడ పెద్దలు కిటికీల బయట నిలబడి, ఆయన మొదటి అడుగు జంపఖానా మీద పడడం చూసి ఊపిరి వదిలారు. ఆయన నడుచుకుంటూ బోర్డు దాకా వచ్చి, ఎరుపు నీలాల చివర నా రంగురంగుల పట్టీ చూసి, "ఈ ముక్క ఏంటి, తేడాగా ఉంది?" అన్నాడు.

కిటికీ బయట నాయిన గొంతు సవరించుకోవడం వినపడింది. మళ్ళీ తన మీద వేసుకోబోతున్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఎలా లేచానో నాకు తెలియదు.

"తప్పు నాది సార్. తడి పోగుతో కొలిసిన. మూరెడు తక్కువైంది. ఆ మూరెడు నేనే నేసిన."

ఆఫీసరు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కొలతలు తప్పే అమ్మాయివి పదో తరగతి ఏం చదువుతావ్? రా. ఈ గది ఇరవై రెండు అడుగుల పొడవు, పదిహేడు అడుగుల వెడల్పు. వైశాల్యం కట్టు."

చిన్న లెక్క. నిద్రలో లేపినా చేస్తాను. కానీ ఆ రోజు కిటికీల బయట వాడంతా నన్నే చూస్తోంది. వేసి, కూడి, గీత గీసి, మూడువందల అరవై నాలుగు అని రాశాను. క్లాసులో ఎవరో ఇస్సు అన్నారు. చూసుకుంటే ఏడుతో గుణించేచోట చేతిలో ఉన్న ఒకటిని కలపడం మరిచాను. మళ్ళీ తక్కువే.

పెద్దసారు ముందుకు వచ్చారు. ఇక ఏం వస్తుందో నాకు తెలుసు. నువ్వు కూర్చో, తెలిసినవాళ్ళు లేవండి. మా క్లాసులో లెక్కలు వచ్చిన మగపిల్లలు ఇద్దరు అప్పటికే సగం లేచారు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. నేను సుద్దముక్క కింద పెట్టబోయాను.

"కూర్చోండి అందరూ" అన్నారు పెద్దసారు ఆ ఇద్దరితో. తర్వాత నా వైపు తిరిగి, అన్నేళ్ళలో ఒక్కసారి కూడా మా భాష మాట్లాడని మనిషి, మెల్లగా అన్నారు.

"ఇప్పి నెయ్, బిడ్డా."

నేను తుడిచాను. మొత్తం కాదు, తప్పు పడ్డచోటు దాకానే. ఏడు రెళ్ళు పద్నాలుగు, నాలుగు వేసి ఒకటి చేతిలో. ఏడు రెళ్ళు పద్నాలుగు, ఒకటి కలిపితే పదిహేను. పెద్దసారు చేతులు కట్టుకుని ఆగారు, మా నాయిన ఆగినట్టే. ఆఫీసరు ఆగాడు. ముప్పై మంది పిల్లలూ, కిటికీల బయట వాడంతా ఆగింది. మూడువందల డెబ్భై నాలుగు అని రాసి నేను వెనక్కి తిరిగాను.

ఆఫీసరు నవ్వలేదు, మెచ్చుకోలేదు. బూట్లు వేసుకుంటూ పెద్దసారుతో, "ఆగడం మంచి అలవాటండీ. మేం మా ఆఫీసుల్లో కూడా నేర్చుకోవాలి" అన్నాడు. కాగితం నెల లోపు వచ్చింది. మా బడికి పదో తరగతి వచ్చింది. పెద్దసారు ఆ కాగితం పట్టుకుని వాడలోకి వస్తుంటే, జీవితంలో మొదటిసారి మా వాడలో మగ్గాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి భయపడి మా సందు కుక్క మొరిగింది.

ఆ రోజు తర్వాత పెద్దసారు నోట "నువ్వు కూర్చో" అన్న మాట మేం మళ్ళీ వినలేదు. మేం ఐదుగురం పది చదివాం. ఐదుగురం పాసయ్యాం. నేను ఆ తర్వాత నర్సు చదువు చదివి, ఈ ఊరి పెద్ద దవాఖానలోనే పని చేసి రిటైరయ్యాను. సూది సరిగా పడకపోతే చిన్న నర్సులను పక్కకు నెట్టకుండా, నువ్వే మళ్ళీ చెయ్యి, నేనున్నా అనేదాన్ని. వాళ్ళకు అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆ జంపఖానా కొన్నేళ్ళు నలిగి, చిరిగి, బెంచీలు వచ్చాక ఎటో పోయింది. వాడలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా గుంతను మా తమ్ముడు పూడ్చి బండలు వేయించాడు. దాని మీద ఇప్పుడు ఫ్రిజ్జు ఉంది. నాయిన ఆ రోజు కిటికీ బయట ఏడ్చాడని చాలా ఏళ్ళకు అవ్వ చెప్పింది. ఆయన ఉండగా నేను అడగలేదు.

"నాయనమ్మా, ఇంక రాస్తలేవా?" అని మనవరాలు గిల్లింది.

అప్పుడు పక్క గదిలోంచి వినపడింది. అక్కడ ఏదో క్లాసు నడుస్తోంది. ఎవరో పిల్లవాడు బోర్డు దగ్గర తప్పు చేసినట్టున్నాడు. ఆ తర్వాత పిల్లలంతా కలిసి, వెక్కిరింపు లేకుండా, ఆటలో తమ జట్టువాణ్ణి హుషారు చేసినట్టు అన్నారు.

"ఇప్పి నెయ్! ఇప్పి నెయ్!"

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఏమంటాండ్రే వాళ్లు?" అని అడిగాను.

"ఏం లేదు నాయనమ్మా. మా బళ్లె ఎవలన్న తప్పు చేస్తే గట్లనే అంటరు. అంటే మల్ల మంచిగ చెయ్ అన్నట్టు. వాళ్లు చేసేదాంక ఎవ్వలు చెప్పొద్దు, మేడం గూడ చెప్పది."

"ఎందుకంటరో తెలుసా?"

"తెల్వది. అందరు అంటరు. పెద్ద క్లాసోళ్లను చూసి మేం గూడ అంటం."

నా మనవరాలు పుట్టేనాటికి మా ఇంట్లో మగ్గమే లేదు. నాడె చూడలేదు, గుంతలో కాలు పెట్టలేదు. మా నాయిన దానికి గోడ మీది ఫోటో. ఆయన మాట మాత్రం దాని నోట్లో ఉంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పక్కనున్న ఆటో నడిపే తండ్రి కంగారుపడి మంచినీళ్ళ సీసా అందించాడు.

"ఉపాధ్యాయులు మంచివారు" అన్న గీత కొట్టేశాను. "కాయిదం ఖరాబు చేస్తానవ్ నాయనమ్మా" అని మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. "తప్పు పడితే ఏం చెయ్యాలె మరి?" అన్నాను. అది నవ్వి, నా చెయ్యి వదిలేసి, పక్కన నిలబడి ఆగింది.

మిగిలిన రెండు గీతల్లో ఒకటే సరిపోయింది. "ఈ బడిలో తప్పు చేసినవాళ్ళ కోసం క్లాసంతా ఆగుతుంది" అని రాసి, కింద సంతకం చేశాను.